పాత బండి తప్పేం లేదు, త్రెడ్డు పోగొట్టింది పానా

ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో ఏ మెకానిక్ షెడ్డుకెళ్లినా త్రెడ్డు, అంటే మరలు, పోయిన బోల్టుకి చెప్పే కారణం ఒక్కటే: "పాత బండి కదా బాబూ, ఏటి సేస్తాం మరి." ఈ మాటతోనే నాకు పేచీ. ఇరవై ఏళ్ల బండిలో పిస్టన్ రింగులు అరుగుతాయి, క్లచ్ ప్లేట్లు అరుగుతాయి, చైను సాగుతుంది. అవన్నీ తిరిగేవి, రాసుకునేవి. బోల్టు పని కదలకుండా కూర్చోవడం. కదలని దానికి వయసుతో అరుగుదల ఎక్కణ్నుంచి వస్తుంది? త్రెడ్డు పోయిందంటే దాన్ని ఎవరో విప్పారు, మళ్లీ బిగించారు, ఆ రెండింట్లో ఏదో ఒక చోట పోయింది. బండికి ఎన్నేళ్లని కాదు, ఎన్ని సర్వీసులని అడగాలి. తుప్పు పట్టిన బోల్టుల సంగతి వేరు, అది తర్వాత చెబుతాను.

మా నాన్నగారి స్ప్లెండర్ ఇప్పటికీ ఓఆర్ 20 ప్లేటుతోనే తిరుగుతోంది. 2012లో ఒడిశా నంబర్లు ఓడీ అయ్యాయి కాబట్టి ఆ ప్లేటు చూస్తేనే బండి వయసు తెలిసిపోతుంది. దాని డ్రెయిన్ బోల్టు (పాత ఆయిలు కిందికి వదలడానికి విప్పేది) త్రెడ్డు ఒక షెడ్డులో ఆయిలు మారుస్తుండగా పోయింది. ఆ షెడ్డు పేరు మనకెందుకు, అలాంటివి ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పోయిన తీరు మాత్రం చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఒక్క రోజులో జరిగింది కాదు.

ఇంజను అడుగున ఉండే ఆ బోల్టు 12 మిల్లీమీటర్ల లావు, 1.5 పిచ్, అంటే మర మరకీ దూరం 1.5 మిల్లీమీటర్లు. తలకి 17 నంబరు పానా పడుతుంది. తల కింద మెత్తటి లోహపు వాషరు ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు ఆ వాషరు నలిగి, తలకీ ఇంజను కేసుకీ (బయటి అల్యూమినియం గోడకి) మధ్య సందు మూసేస్తుంది. ఆయిలు కారకుండా ఆపేది వాషరే, మరలు కాదు. ఒకసారి నలిగి గట్టిపడ్డ వాషరు రెండోసారి అంత సుఖంగా నలగదు. అందుకే ఆయిలు మార్చినప్పుడల్లా దాన్ని కూడా మార్చాలి. దాని ఖరీదు ఒక టీ ఖరీదు కూడా ఉండదు. అయినా మార్చరు. మర్నాడు పొద్దున్న బండి కింద నల్లటి చుక్క కనిపిస్తుంది. మనం వెళ్లి చూపిస్తాం. కుర్రాడు పానా తెచ్చి ఇంకో పావు చుట్టు తిప్పుతాడు. కారడం ఆగుతుంది, మనం థాంక్స్ చెప్పి వచ్చేస్తాం. తర్వాతి సర్వీసులో అదే వాషరు, ఇంకాస్త బలం. ఇలా కొన్నాళ్లు నడిచాక ఒకరోజు బిగుస్తూ బిగుస్తూ ఉన్న పానా చేతిలో ఉన్నట్టుండి తేలికైపోతుంది. పానా పట్టిన ఎవరికైనా ఆ క్షణం కడుపులో ఎలా ఉంటుందో తెలుసు. అప్పుడు చేతిలో ఉన్నవాడి మీద పడుతుంది నింద. వాడు బండి వయసు మీదికి తోసేస్తాడు.

అసలు ఆ బోల్టుకి కావలసిన బిగింపు ఎంత? 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర 15 కిలోల బరువు వేలాడదీసినంత. అదే పానాకి పైపు తొడిగి 60 సెంటీమీటర్లు చేస్తే, అదే చెయ్యి, అదే బలం, 90 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. అది అల్యూమినియంలోని 12 మిల్లీమీటర్ల బోల్టు దగ్గర పెట్టాల్సిన బలం కాదు. పైపు లారీ చక్రాల నట్ల కోసం పుట్టింది, అక్కడే ఉండాలి.

బోల్టు బిగించడమంటే నిజానికి దాన్ని సాగదీయడం. సాగిన బోల్టు వెనక్కి లాగుతూ ఉంటుంది కాబట్టే రెండు వస్తువులు కలిసి ఉంటాయి. మనం పానాతో పెట్టే బలంలో ఆ లాగుడుగా మారేది సుమారు పదో వంతే. మిగతాదంతా తల కింద, మరల మధ్య రాపిడికి పోతుంది. అందుకే మరలు ఆయిలుతో తడిసి ఉంటే, రాపిడి తగ్గి, అదే చేతి బలానికి బిగింపు బాగా పెరిగిపోతుంది. డ్రెయిన్ బోల్టు ఎప్పుడూ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. పొడి బోల్టుకి అలవాటైన చెయ్యి దీని దగ్గర తెలియకుండానే ఎక్కువ బిగించేస్తుంది.

ఇంకో సంగతి. ఆ లాగుడు బరువుని మరలన్నీ సమానంగా మొయ్యవు. తలకి దగ్గరగా ఉన్న మొదటి మర ఒక్కటే సుమారు మూడో వంతు మోస్తుంది. తర్వాతవి క్రమంగా తక్కువ. కాబట్టి త్రెడ్డు పోవడం కూడా వరసగానే జరుగుతుంది: మొదటి మర లొంగుతుంది, దాని బరువు రెండోదాని మీద పడుతుంది, అది లొంగితే మూడోదాని మీద. బోల్టేమో ఉక్కు, కేసేమో అల్యూమినియం, ఎవరు ఓడిపోతారో చెప్పక్కర్లేదు. నాన్నగారి బండి బోల్టు బయటికి తీసినప్పుడు దాని మరల సందుల్లో వెండి తీగ చుట్టినట్టు అల్యూమినియం అంటుకుని వచ్చింది. బోల్టు నిక్షేపంగా ఉంది. కేసులో రంధ్రం నున్నగా అయిపోయింది. చాలామంది ఇక్కడ కొత్త బోల్టు కొనుక్కొస్తారు. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

ఇక రిపేరు సంగతి. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించేవాళ్లున్నారు, ఎంసీల్ పుట్టీ పూసి మూసేసేవాళ్లున్నారు. టేపు ముక్కలు ఊడి ఆయిలు జల్లెడకి చుట్టుకుంటాయి. ఎంసీల్ పూసిన బోల్టు తర్వాతి ఆయిలు మార్పుకి ఎలా విప్పుతారో వాళ్లకే తెలియాలి. వీటి మీద ఇంతకన్నా మాటలు దండగ.

నేను గట్టిగా వాదించేది వీళ్లతో కాదు, "లావు బోల్టు వేసేద్దాం" అనే మంచి మెకానిక్కులతో. వాళ్ల పద్ధతి చూడ్డానికి నిజాయితీగానే ఉంటుంది. 12 పోయిందా, రంధ్రం కాస్త పెద్దది చేసి 14కి ట్యాపు (మరలు కోసే పనిముట్టు) కొట్టి, 14 బోల్టు బిగిస్తారు. కొత్త మరలు, కొత్త బోల్టు, గట్టిగా పడుతుంది. కానీ ఒక్కటి మారలేదు: ఇప్పుడూ ఉక్కు బోల్టు వట్టి అల్యూమినియంలోనే తిరుగుతోంది. అదే షెడ్డు, అదే పాత వాషరు, అదే పావు చుట్టు. పైగా బోల్టు లావు చూసి ఈసారి ఇంకాస్త ధైర్యంగా బిగిస్తారు. కొన్నేళ్లకి 14 కూడా పోతుంది. అప్పుడు 16. డ్రెయిన్ రంధ్రం చుట్టూ ఉండే అల్యూమినియం దిమ్మ అంత లావుది కాదు. 16కి వచ్చేసరికి గోడ పలచబడి ఒక పక్క పగులు వస్తుంది. ఆ తర్వాత మిగిలేది క్రాంక్‌కేసు, అంటే ఆ ఇంజను కేసే, మార్చడం.

క్రాంక్‌కేసు మార్చడమంటే ఇంజను మొత్తం విప్పడం. అది డబ్బుతో పోయే పని. డబ్బుతో పోనిది ఇంకోటుంది: ఇంజను నంబరు గుద్ది ఉండేది ఆ కేసు మీదే. కేసు మారితే బండి మీద నంబరూ ఆర్‌సీలో నంబరూ కలవవు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అప్పుడు బండిని తీసుకెళ్లి చూపించాలి. మన బతుకు చూడండి: పర్లాలో ఇల్లు, పక్కనే పాతపట్నంలో బంధువులు, పెళ్లిళ్లు, టెక్కలిలో ఆస్పత్రి పని. ఒడిశా బండి వేసుకుని ఆంధ్రాలో తిరిగేవాళ్లం, రెండు రాష్ట్రాల పోలీసులకీ కాగితాలు చూపించాల్సినవాళ్లం. ఒక వాషరు మార్చకపోతే అది ఆర్‌టీవో ఆఫీసు మెట్ల దాకా తీసుకెళ్తుందని ఎవరు అనుకుంటారు?

నేను మొగ్గు చూపేది కాయిల్ వేయడానికి. హెలికాయిల్ అంటారు. స్టెయిన్‌లెస్ స్టీలు తీగని స్ప్రింగులా చుట్టి చేస్తారు. తీగ గుండ్రంగా ఉండదు, అడ్డకోత వజ్రం ఆకారంలో ఉంటుంది. దాంతో బయటి అంచు కేసు మరల్లో కూర్చుంటుంది, లోపలి అంచు బోల్టుకి మర అవుతుంది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ఈ కాయిల్ కోసమే చేసిన ట్యాపుతో మరలు కోసి, కాయిల్ ఎక్కిస్తే, లోపల మళ్లీ మొదటి 12×1.5 త్రెడ్డే తయారవుతుంది. కంపెనీ బోల్టే పడుతుంది.

ఇక్కడ లావు బోల్టు వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, న్యాయమైన ప్రశ్నే: "కాయిల్‌కి కూడా రంధ్రం పెద్దది చేస్తున్నావు కదా, తేడా ఏంటి?" లెక్క చూద్దాం. 12×1.5 కాయిల్ కోసం కోసిన మరల బయటి కొలత దాదాపు 14 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే అల్యూమినియం పోయింది 14 బోల్టు వేసినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఈ మాట దాచిపెట్టి కాయిల్‌ని పొగిడేవాళ్లని నేను నమ్మను. తేడా కోతలో లేదు, కోత తర్వాత ఉంది. 14 బోల్టు వేస్తే ఆ అల్యూమినియం మరలు ప్రతి ఆయిలు మార్పుకీ రాసుకుంటూనే ఉంటాయి. కాయిల్ వేస్తే ఆ మరలు ఒక్కసారి కాయిల్‌ని పట్టుకుని ఇక కదలవు. రాపిడంతా ఉక్కుకీ ఉక్కుకీ మధ్యే. పైగా బరువు 12 చుట్టుకొలత మీద కాక 14 చుట్టుకొలత మీద పడుతుంది, తీగ కాస్త సర్దుకుంటుంది కాబట్టి మరల మధ్య బాగా పంచుకుంటుంది. కాయిలే పాడైతే దాన్ని లాగేసి అదే కొలత కొత్తది వేసుకోవచ్చు. మొదటిది 14 నుంచి 16కి తీసుకెళ్లే దారి. రెండోది 14 దగ్గర ఆగిపోయే దారి.

చిన్న బోల్టుల్లో తేడా ఇంకా ఎక్కువ. ఇంజను పక్క కవర్లకుండే 6 మిల్లీమీటర్ల బోల్టు పోతే కాయిల్ కోత 7.3 దగ్గర ఆగుతుంది. లావు బోల్టంటే 8కి పోవాలి. ఆ 8 బోల్టు కవరు రంధ్రంలోంచి దూరదు, కాబట్టి బాగున్న కవర్ని కూడా కోస్తారు.

పని ఎలా జరుగుతుందో కూడా కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే మా వైపు చాలామంది దీన్ని ఏదో పెద్ద వర్క్‌షాపు విద్య అనుకుంటున్నారు. కిట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. డ్రిల్లు బిట్టు, ట్యాపు, కాయిల్ ఎక్కించే పుల్ల, కొన్ని కాయిల్సు ఉంటాయి. మిషను అక్కర్లేకపోయినా పాతపట్నంలో లేతు పని చేసే ఒక పెద్ద మేస్త్రీగారి షెడ్డుకి తీసుకెళ్లాను, నిటారుగా పట్టుకునే చెయ్యి ఆయనది కాబట్టి. పెట్టె చూడగానే ఆయన నవ్వారు. "తీగ సుట్టేసి త్రెడ్డంటావేటి బాబూ? రేపు బోల్టుతో పాటు అదీ వచ్చేస్తాది."

"ముందు వేసి చూడండి మేస్త్రీగారూ, వచ్చేస్తే మీ బుష్షే, ఆ ఉక్కు తొడుగే, కొట్టండి" అన్నాను.

డ్రెయిన్ రంధ్రం నేల వైపు చూస్తుంది కాబట్టి ఒక మేలు: కోసేటప్పుడు రజను చాలావరకు కిందికే రాలుతుంది. ఆయన ట్యాపు గాళ్లలో గ్రీజు దట్టంగా కూరారు, మిగిలిన రజను దానికి అంటుకునేలా. అల్యూమినియం అయస్కాంతానికి అతుక్కోదు, కాబట్టి లోపల పడితే గ్రీజు, కడగడం తప్ప వేరే దారి లేదు. ట్యాపుకి కిరసనాయిలు చుక్క వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా లోపల రజను తెగుతున్న చిన్న కరకర వేలికి తెలుస్తుంది. ఆ కరకర ఆగి ట్యాపు జిగురుగా తిరిగితే తీసి తుడవాలి, తొందరపడితే అక్కడే విరుగుతుంది. మరలు పూర్తయ్యాక కాయిల్‌ని పుల్లకి ఎక్కించారు. కాయిల్ లోపలికి పోయే కొసన అడ్డంగా చిన్న కొక్కెం ఉంటుంది, పుల్ల దాన్ని పట్టుకుని లాగుతూ తిప్పుతుంది. మామూలుగా కాయిల్ లావు రంధ్రం కన్నా కాస్త ఎక్కువ. తిప్పుతుంటే సన్నబడి లోపలికి పోతుంది, వదిలేస్తే విచ్చుకుని గోడల్ని పట్టేస్తుంది. దాన్ని పట్టుకునేది ఆ విచ్చుకోవడమే. బయటి కొస కేసు ముఖానికి పావు నుంచి అర చుట్టు లోపలికి వెళ్లేదాకా తిప్పి ఆపారు.

తర్వాత కొక్కెం తుంచాలి. చిన్న సైజుల్లో పంచి పెట్టి ఒక దెబ్బ వేస్తే తెగిపోతుంది. ఇక్కడ అలా చేస్తే తెగిన ముక్క ఇంజను లోపలికే పోతుంది. ముక్కు పటకారుతో పట్టుకుని పైకీ కిందికీ రెండుసార్లు వంచితే తెగి, ముక్క పటకారు కొసనే బయటికొచ్చింది. ఆ తర్వాత పాత ఆయిలు కాస్త పోసి కారనిచ్చి, మళ్లీ పోసి కారనిచ్చి, లోపల రజను కడిగారు. కొత్త వాషరు, పాత బోల్టు. మేస్త్రీగారు బోల్టుని చేత్తో ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి చూశారు. ఏమీ అనలేదు. కాసేపాగి, "స్పార్కు ప్లగ్గులకి కూడా దొరుకుతాయేటి ఇవి?" అని అడిగారు. దొరుకుతాయి.

ఆయన భయం మాత్రం ఉత్తిది కాదు. కాయిల్ బోల్టుతో పాటు బయటికొచ్చిన సందర్భాలుంటాయి. రజను తుడవకుండా ఎక్కించినా, కొసని లోపలికి దించకుండా ముఖం దగ్గరే వదిలేసినా అలా జరుగుతుంది. పొడుగు చాలని కాయిల్ వేసినా అంతే. బోల్టు లావెంతో కనీసం అంత పొడుగు కాయిల్ ఉండాలి, అల్యూమినియంలో ఒకటిన్నర రెట్లు ఉంటే ఇంకా మంచిది. తప్పు తీగది కాదు, వేసిన తీరుది.

బుష్షు గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. లేతు మీద ఉక్కు బుష్షు తిప్పి, బయటా లోపలా మరలు కోసి, లాకింగ్ మందు పూసి బిగిస్తే అది గట్టి పని. ఎవరో ఇప్పటికే 16 దాకా పాడుచేసిన రంధ్రానికి కాయిల్ పనికిరాదు, బుష్షే దిక్కు. కానీ మొదటిసారి పోయిన దానికే బుష్షు వేస్తే, దాని గోడ మందం కోసం ఎక్కువ అల్యూమినియం తీసెయ్యాలి. తీసేసిన లోహాన్ని మళ్లీ తెచ్చే మార్గం ఆర్గాన్ వెల్డింగు ఒక్కటే, అది శ్రీకాకుళమో బరంపురమో వెళ్లాల్సిన పని, పైగా వేడికి కేసు వంగకుండా చేసేవాడు కావాలి. కాబట్టి నా వరస: ముందు కాయిల్, తర్వాత బుష్షు, ఆఖరుకి వెల్డింగు. లావు బోల్టు ఈ వరసలోనే లేదు.

తుప్పు సంగతి చెబుతానన్నాను. సైలెన్సరు స్టడ్లు (తల లేని బోల్టులు), ఎప్పుడూ విప్పని బోల్టులు తుప్పుతో అల్యూమినియంలో అతుక్కుపోతాయి. వాటిని బలంతో లాగితే స్టడ్డు విరుగుతుంది, లేదా త్రెడ్డుతో సహా ఊడొస్తుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. స్టడ్డు చుట్టూ ఉన్న భాగాన్ని కాస్త వేడి చేస్తే పట్టు వదులుతుంది. స్పార్కు ప్లగ్గు విషయం మాత్రం తిరగబడుతుంది, ఇంజను చల్లారాకే విప్పాలి. వేడి మీద మెత్తగా ఉన్న మరల్లో ప్లగ్గు తిప్పితే సిలిండరు హెడ్డే పోతుంది.

మన్యం దారుల్లో ఇంకా తిరుగుతున్న పాత జీపుల కథ వేరు. ఆర్. ఉదయగిరి ఘాటు ఎక్కే బండి అడుగుకి దూరి చూస్తే రెండు దేశాల మరలు ఒకే బండిలో కనిపిస్తాయి. చాసిస్ అమెరికా విల్లీస్ జీపు వంశం, అంగుళాల మరలు. ఫ్రెంచి మూలం ఉన్న ప్యూజో డీజిల్ ఇంజను మిల్లీమీటర్ల మరలు. కుర్రాడు డబ్బాలోంచి చేతికొచ్చిన బోల్టు తీసి పెడతాడు. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, 8 బోల్టుకి కంటికి తేడా తెలియదు. కానీ ముతక మరల 5/16 బోల్టుకి మర మరకీ దూరం 1.41, 8 బోల్టుకి 1.25. చేత్తో రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది. "తుప్పుంది" అని పానా వేస్తారు. అంతే, రెండు త్రెడ్లూ పోయాయి. పాత విల్లీస్ జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లు ఎడమ మరలవి, తిరగేసి విప్పాలి. ఆ సంగతి తెలియని చేతుల్లో ఎన్ని స్టడ్లు విరిగాయో!

బైకుల్లో కూడా ఇదే రకం మోసం ఉంది. హార్డ్‌వేర్ షాపులో 10 బోల్టు అడిగితే 1.5 పిచ్ ఇస్తారు. జపాన్ డిజైను బళ్లలో 10 బోల్టు చాలాచోట్ల 1.25. 12 అడిగితే 1.75 ఇస్తారు, డ్రెయిన్‌కి కావలసింది 1.5. షాపువాడి తప్పేం లేదు, అతను అమ్మేది గేట్లకీ షెడ్లకీ. పిచ్ గేజి అని పానాల దుకాణంలో అంగుళాలదీ మిల్లీమీటర్లదీ కలిపి చిన్న ఆకుల గుత్తి దొరుకుతుంది. బోల్టు మరల మీద ఆకు పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే చాలు, సందులోంచి వెలుగు కనిపించకూడదు. మా వైపు షెడ్లలో సెల్‌ఫోను స్పీకరు లేని షెడ్డు లేదు, ఇది ఉన్న షెడ్డు నాకు తగల్లేదు.

తప్పంతా మెకానిక్కులదే అంటే అది కూడా అన్యాయం. ఆయిలు మార్చడానికి మనమిచ్చే కూలి ఎంత? ఆ డబ్బుకి అతను పది నిమిషాలకి మించి బండి దగ్గర ఉండలేడు. కాయిల్ వేయడానికి జాగ్రత్తగా గంట పడుతుంది. ఆ గంటకి కూలి అడిగితే "బోల్టు బిగించడానికి ఇంతా?" అంటాం. లావు బోల్టు పది నిమిషాల పని, బేరం లేకుండా ఇస్తాం. ఆ బేరం ఫలితమే 14, 16. మూడు సైజుల కిట్లు, 6, 8, 12×1.5, పర్లాలో ఒక షెడ్డువాడు కొని పెట్టుకుంటే ఊరంతటికీ సరిపోతుంది. కానీ గంట పనికి గంట కూలి ఇచ్చేవాళ్లు లేకపోతే అతను ఎందుకు కొంటాడు? నేను ఈ మధ్య ఆయిలు మార్పుకి వెళ్లేటప్పుడు వాషరు నా జేబులోనే తీసుకెళ్తున్నాను, కుర్రాడు పానా చివర కాక మధ్యలో పట్టుకునేదాకా పక్కనే నిలబడుతున్నాను. వాడికి చిరాకే. పోయేటప్పుడు కూలి మీద ఇంకో ఇరవై పెడుతున్నాను.